టోపీకి నల్లపట్టీ

"చూడు నాయనా, టోపీకి నల్లపట్టీ. అంటే వైద్యదళం. మా ఆయన తుపాకీ పట్టిన మనిషి కాదు, ఉల్లిపాయ కోయమన్నా వీధిలోకి పరుగెత్తే రకం," అన్నాను.

మ్యూజియం ఉద్యోగి నవ్వలేదు. సైనిక వైద్యుల ప్రదర్శనకు పాత ఫొటోలు కావాలని వచ్చాడు. భూతద్దాన్ని ఫొటోలోని టోపీ మీంచి పక్కకు జరిపాడు.

"మామ్మగారూ, పక్కనున్న పోస్టుడబ్బా కూడా నల్లగానే ఉంది. అది ఎరుపు కదా? ఆ కాలం ఫిల్ములో ఎరుపు నల్లగా పడేదండీ."

ఆ పట్టీ ఎరుపని నాకు తెలియకపోలేదు. టోపీని పొయ్యిలో పెట్టింది నేనే.

అతను భూతద్దం కింద పెట్టాడు. "ఎర్రపట్టీ ఒక్క దళానికే ఉండేది. పారిపోయిన సిపాయిలను వరసగా నిలబెట్టి కాల్చిన దళం. మా తాతను కాల్చిందీ వాళ్లే. ఆ దళంలో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది పోయారు. పదో మనిషి మొహం ఇన్నాళ్లూ దొరకలేదు."

"ఈయనా పోయారు నాయనా, పదేళ్లయింది," అన్నాను. తడుముకోలేదు. ఇన్నేళ్ల సంసారం ఆ మాత్రం నేర్పింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"ఏమేవ్, ఎవరొచ్చారు? లోపలికి రమ్మను!"

అతను లేచాడు. ముందు వెళ్లి, వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.