హుషారిన్ అమ్ముడుపోయిన వీధి

హుషారిన్ మార్కెట్లోకి వచ్చి ఏడాదైంది. మాత్ర వచ్చింది, హుషారు మాత్రం రాలేదు.

తలనొప్పి, నడుం నొప్పి, కీళ్ల నొప్పి, పంటి నొప్పి... పెట్టె మీద నొప్పుల జాబితా బారెడుంది. కొనేవాళ్ల జాబితా బెత్తెడు కూడా లేదు. చైర్మన్ గారు బ్రాండ్ మేనేజర్ని పిలిపించి, ఆ బిళ్ళను బతకనివ్వడానికి శుక్రవారంలోగా ఒక్క కారణం చూపించమన్నారు. లేకపోతే బిళ్ళతో పాటు అతని బల్ల కూడా ఎత్తేస్తామన్నారు.

మేనేజరు తప్పు ఒప్పుకునే రకం కాదు. అతనికి తెలిసిందల్లా నొప్పి ఒక్కటే, అదీ పక్కవాళ్లకు పుట్టించడం. తప్పంతా జనానిదేనని తేల్చేశాడు. సరిగ్గా నొప్పి తెచ్చుకోవడం కూడా చేతకాని జనమన్నాడు. పెట్టె రంగు నాలుగుసార్లు మార్పించాడు. రేడియోకి పాట కట్టించాడు. ఆ పాట విన్నవాళ్లకు తలనొప్పి వచ్చిన మాట నిజమే కానీ, వాళ్లంతా వెళ్లి వేరే మాత్ర కొనుక్కున్నారు.

బుధవారం అమ్మకాల పట్టికలో ఓ వింత కనబడింది. ఊరంతటికీ ఒకే ఒక్క మెడికల్ షాపులో హుషారిన్ నెలకు పద్దెనిమిది స్ట్రిప్పులు పోతోంది. ఆరు నెలలుగా, క్రమం తప్పకుండా. మేనేజరు లేచిన వేగానికి, అతను లిఫ్టు ఎక్కేదాకా కుర్చీ తిరుగుతూనే ఉంది.

షాపాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, అన్నీ కొనేది ఒక్కరేననీ, పక్క వీధి మేడ మీదుండే రిటైరైన డ్రాయింగు మాస్టారనీ చెప్పాడు. ఇంకెవరికీ అంటగట్టలేదా అని మేనేజరు నిలదీశాడు. ఓసారి ఒకాయనకిచ్చాననీ, ఆయన అదే నొప్పితో తిరిగొచ్చి తన్నినంత పని చేశాడనీ షాపాయన అన్నాడు.

"టేస్టు లేని జనం," అని మేనేజరు మేడ మెట్లెక్కాడు.

కంపెనీ పేరు చెప్పగానే మాస్టారి భార్య మొహం వెలిగిపోయింది. ఆవిడ కుర్చీ పక్కన బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్నిండా హుషారినే.

"నువ్వేనా నాయనా ఇది చేసింది? చల్లగా ఉండు. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, పడుకునే ముందు రెండు. ఎప్పుడు ఏ నొప్పి వస్తుందో ఏమో, ముందే వేసేసుకుంటాను."

"అన్నేసి వేసుకుంటే కడుపులో మంటగా ఉండదా అమ్మా?"

"మంటా లేదు, మగతా లేదు. ఇదివరకటివి పేగులు మాడ్చేసేవి. ఇదైతే అసలు వేసుకున్నట్టే ఉండదు."

మేనేజరు జేబులోంచి పుస్తకం లాగి ఆ ముక్క రాసుకున్నాడు. వేసుకున్నట్టే ఉండదు. ఇన్నాళ్లూ లక్షణమైన నినాదం కోసం తను జుట్టు పీక్కుంటుంటే, అది ఈ మేడ మీద బిస్కెట్ల డబ్బా పక్కన కూర్చుందన్నమాట. ఈవిడ ఫొటోను ఊళ్లోని ప్రతి గోడకీ ఎక్కించాలనీ, చైర్మన్ గారి గది తలుపుకి మాత్రం స్వయంగా తనే అంటించాలనీ నిర్ణయించుకున్నాడు. ఫొటో అనగానే ఆవిడ తల దువ్వుకొస్తానని లోపలికెళ్లింది.

మాస్టారు సోఫా చివర ఒదిగి కూర్చుని ఉన్నారు. మేనేజరు ఆయన వైపు జరిగాడు.

"బజార్లో ఇన్ని రకాలుండగా మా మాత్రనే ఎందుకు ఎంచుకున్నారు మాస్టారూ? మీ నోటితో ఒక్క మాట చెప్పండి. చైర్మన్ గారికి అదే వినిపిస్తాను."

మాస్టారు లేచి, లోపలి గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"ఏదో ఒక మాత్ర మింగందే ఆవిడ ఊరుకోదు, ఇలాగే మింగితే కిడ్నీలు దక్కవు, అందుకని మందన్నదే లేని మాత్ర ఏదైనా ఉంటే చెప్పండని అడిగితే, డాక్టరుగారు క్షణం కూడా ఆలోచించకుండా మీదే రాసిచ్చారు బాబూ."