మీ బావగారు

అభిరామ్ కొట్టిన మొదటి దెబ్బకే అక్క మొగుడు కౌశల్ కళ్ళజోడు ఎగిరి సోఫా కింద పడింది. అసలే ముక్కు మీద కోపం అభిరామ్‌కి. అక్క మాటొస్తే ఇక ఒళ్ళు తెలియదు.

"అభీ, ఏమైంది?" అంటూ కౌశల్ గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు.

"చదువుతా, విను బావా."

ఆదివారం లంచ్‌కని ఆంగ్ మో కియోలో అక్క వాళ్ళ ఫ్లాట్‌కి వస్తే, డైనింగ్ టేబుల్ మీద దొరికిన కాగితం అది. దస్తూరీ అక్క ఉజ్వలదే.

"'తమ్ముడూ, మీ బావగారు పేకాటలో నా నగలన్నీ పోగొట్టారు. ఇల్లు కూడా తాకట్టుకెళ్ళింది. అడిగితే చేయి చేసుకున్నారు. ఎదురింటి వాళ్ళమ్మాయి పెళ్ళి ఘనంగా జరిగింది, మేం వెళ్ళలేదు. ఇది చదివి కాల్చెయ్.' ఏ కేసినోలో తగలేశావు బావా, అక్క గోల్డంతా?"

కౌశల్ మొహం పాలిపోయింది. దాంతో అభిరామ్‌కి అనుమానం తీరిపోయింది. చెంపా చెవీ కలిపి ఈడ్చి కొట్టాడు. పెదవి చిట్లింది. పడ్డవాడి డొక్కలో తన్నాడు. కారిడార్ కిటికీలోంచి పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ "ఐ కాల్ పోలీస్ ఆ" అని అరిచింది. పోలీసులొస్తే ఉద్యోగం, వీసా రెండూ పోతాయని అభిరామ్‌కి తెలుసు. అయినా ఇంకో తన్ను తన్నాడు.

కింద హాకర్ సెంటర్‌లో భోజనం కట్టించుకుని అప్పుడే వచ్చిన ఉజ్వల, చేతిలో పొట్లాలు వదిలేసి తమ్ముణ్ణి వెనక్కి లాగింది.

"నీకేమన్నా పిచ్చా? అది నా రీసెర్చ్‌లో లెటర్ రా. రెండొందల యాభై ఏళ్ళ కిందట ఎవరో దొరసాని వాళ్ళ తమ్ముడికి రాసింది. తెలుగు అసోసియేషన్ మ్యాగజైన్ కోసం తెలుగు చేస్తున్నా."

"మరి మీ బావగారని ఉంది కదక్కా?"

"ఒరిజినల్‌లో మిస్టర్ హార్డింగ్ అనుంది. మనలో మొగుణ్ణి పేరు పెట్టి ఎవరు రాస్తారు? అందుకే అలా మార్చా."

అభిరామ్ కాగితం తిప్పి చూశాడు. వెనక పెన్సిల్‌తో 1768 అని ఉంది. తల కొట్టేసినట్టయింది. బంగారంలాంటి మనిషిని గొడ్డును బాదినట్టు బాదాడు.

"క్షమించు బావా," అంటూ కాళ్ళు పట్టుకోవడానికి వంగాడు.

చెవులు గింగురుమంటున్న కౌశల్‌కి ఈ మాటలేవీ వినపడలేదు. తన మీదికొస్తున్న చేతులు మాత్రం కనపడ్డాయి. తల కప్పుకుని ముడుచుకుపోయాడు.

"కొట్టకు అభీ. ఒట్టు, మీ అక్కని ఇంకెప్పుడూ కొట్టను."