ఒకటిన్నర డిగ్రీ తేడా

“ఆపమంటున్నాడా? మన ప్రకటన ఆపమనడానికి ఆయనెవరండీ!” అంటూ డైరెక్టరు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

ఎదురుగా నిలబడ్డావిడ వాతావరణ కేంద్రంలో వానల అంచనాలు కట్టే అధికారిణి. రాబోయే వానాకాలం ఎలా ఉంటుందో ముందుగా లెక్కగట్టి చెప్పేది ఆవిడే కాబట్టి, ఆఫీసులో అందరికీ ఆవిడ వానమ్మ. ఆవిడ చేతిలో పరాయి దేశపు శాస్త్రవేత్త పంపిన ఈమెయిలు కాగితం ఉంది.

“దయచేసి ఈ రోజు ఏమీ ప్రకటించకండి. సముద్రం మీద తేలే కొలత యంత్రాల్లో పదిహేడో నంబరుది నీటిని ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తోందని నా అనుమానం. దాన్ని పక్కనపెట్టి లెక్క మళ్ళీ చెయ్యండి.”

“నాలుగింటికి విలేకరులొస్తారు” అన్నాడు డైరెక్టరు. “ఈసారి వానలు దంచికొడతాయని అందరికీ లీకయ్యింది. సాయంత్రం జలాశయం గేట్లెత్తి వరదకు చోటు చెయ్యాలని ఇంజినీర్లు కాచుకుని కూర్చున్నారు. ఇప్పుడు కాదంటే మన పరువేం కాను?”

“ఉన్న నీళ్ళు వదిలేశాక వాన రాకపోతే, జనం గొంతు తడుపుకోవడానికేం ఉంటుంది సార్?”

“ఆయనకేం పోయింది! తన మాటే నెగ్గాలని పంతం.”

నిజానికి వానమ్మకూ ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ పెద్దమనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. పన్నెండేళ్ళుగా ఉత్తరాలే. ఏ లెక్క పంపినా ఏదో ఒక మెలిక పెడతాడని ‘సందేహాల తాతయ్య’ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. కానీ ఆయన సందేహం వృథా పోయిన రోజు ఒక్కటైనా ఉందా అంటే, ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

“నాలుగింటిదాకా నాకు టైమివ్వండి” అని చెప్పి తన గదికి వచ్చి పడింది.

సముద్రంలో ఆ మూల నీళ్ళు వెచ్చగా ఉంటే వానలెక్కువ, చల్లగా ఉంటే తక్కువ. అక్కడున్న యంత్రం అదొక్కటే. మూడు వారాలుగా మబ్బులు కమ్మేయడంతో పైనుంచి ఉపగ్రహాలకూ అక్కడి నీళ్ళు సరిగ్గా కనబడటం లేదు. ఎవరైనా వెళ్ళి చూడాల్సిందే. పటం మీద వెతికితే ఆ దరిదాపుల్లో ఓ పరిశోధన ఓడ కనిపించింది. అది ఇంకో దేశానిది. చేపల మీద పరిశోధన చేస్తోంది. ఆశ లేకుండానే ఆ ఓడకు రాసింది.

పది నిమిషాల్లో జవాబు. “చేపలు ఎక్కడికీ పోవు. ఓడ తిప్పుతున్నాం. రెండు గంటల్లో అక్కడుంటాం.”

ఈ ఉత్తరాల నకళ్ళు అందుకుంటున్న మరో రెండు దేశాల శాస్త్రవేత్తలు అడక్కుండానే ముందుకొచ్చారు. “మీ లెక్క మా పెద్ద కంప్యూటర్ల మీద కూడా వేస్తాం. మా పనులు పక్కన పెట్టాం” అన్నారు. ఆ రెండు దేశాల ప్రభుత్వాలకూ రెండేళ్ళుగా మాటల్లేవు. అక్కడి శాస్త్రవేత్తలు మాత్రం “అంకెలు నువ్వు చూడు, నేను గీతలు చూస్తా” అని పనులు పంచేసుకుంటున్నారు.

మధ్యలో చెల్లెలి భర్త ఫోను.

“వదినగారూ, ఈసారి వానలెక్కువటగా. పల్లపు చేలో విత్తనం వెయ్యడం మానుకోమంటారా?”

“మరిదిగారూ, చుట్టరికం ఉంది కదా అని మీకు ముందే చెప్పేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. సాయంత్రం దాకా ఓపిక పట్టండి” అని ఫోను పెట్టేసింది. ఇలాంటి మరుదులు ఎంతమంది తన మాట కోసం చూస్తున్నారో!

రెండున్నరకు ఓడ నుంచి సందేశం వచ్చింది. “థర్మామీటరు మూడుసార్లు దించాం. మూడుసార్లూ ఒకటే అంకె. మీ యంత్రం ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ చెబుతోంది. దాని ఒళ్ళంతా నాచు పట్టేసింది.”

మూడున్నరకల్లా మూడు దేశాల కంప్యూటర్లూ లెక్క తేల్చాయి. మూడింటిదీ ఒకే మాట. ఈసారి వానలు మామూలుకంటే తక్కువ.

డైరెక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఫోను తీసి ఇంజినీరుకు చేశాడు. “గేట్లు ముట్టుకోకండి. చుక్క నీరు కూడా కిందికి పోకూడదు.” తర్వాత వానమ్మ వంక చూసి, “పరువుదేముందమ్మా, పదండి” అన్నాడు.

విలేకర్లు ఊరుకుంటారా? “ఇన్నాళ్ళూ పొరపాటు లెక్క వేసిందెవరు?” అని నిలదీశారు.

“నేనే” అంది వానమ్మ. “దిద్దింది మాత్రం ఐదు దేశాల వాళ్ళం.”

గదికి తిరిగొచ్చి, జీవితంలో మొదటిసారి తాతయ్యకు ఫోను చేసింది. ముసలి గొంతు, నెమ్మదిగా పలికింది.

“మీరు చెప్పకపోతే మా జలాశయం ఈపాటికి ఖాళీ అవుతుండేది. మీ రుణం తీర్చుకోలేం. కానీ ఒక్క మాట చెప్పండి. ఆ పదిహేడో నంబరు యంత్రం ఎవరిదండీ? నాచు పట్టిపోతుంటే చూసుకోకుండా వదిలేసిన ఆ మహానుభావుడెవరు?”

“మూడేళ్ళు ఆ అంకెలు నమ్ముకుని పెద్ద పరిశోధనే రాసుకున్నాడమ్మా. ఈ పొద్దున మీకు ఉత్తరం పడకముందే, ఇక ఆ అంకెలు నమ్మలేనని చెప్పి దాన్ని వెనక్కి తీసుకున్నాడు.”

“తీసుకోక ఏం చేస్తాడు! అంతమాత్రాన వదిలిపెడతానా? ఘాటుగా నాలుగు మాటలు రాస్తాను. అడ్రసివ్వండి.”



“తప్పకుండా రాయండి. పన్నెండేళ్ళుగా నాకు రాస్తున్నారే, ఆ అడ్రసుకే.”