సారా లేని పెట్రోలు

రత్నాలు నల్ల ప్లాస్టిక్ డబ్బా చంకనెత్తుకుని వచ్చి, జీపు ట్యాంకు మూత తిప్పడం మొదలుపెట్టింది. పెరట్లో పళ్లు తోముకుంటున్న వరహాలరావు బ్రష్షు నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

“ఏటే, ఏటి సేత్తన్నావు?”

“పెట్రోలు పోత్తన్నాను మావా. నిన్న డ్వాక్రా సంఘం మీటింగుకి విశాఖపట్నం ఎల్లాను కదా. అక్కడ బంకోడిని బతిమాలి మరీ తెచ్చినాను. సారా కలపని పెట్రోలు.”

వరహాలరావు నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది.

పాపం, ఆ సారా మాట ఆమెకు నేర్పింది అతనే. మొన్నీమధ్య సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి తాగుడు మానేశాడు. డుంబ్రిగుడ సంతలో జీలుగు కల్లు కుండ కనబడేదాకా బాగానే మానేశాడు. ఆ సాయంత్రం గుమ్మంలోనే రత్నాలు ముక్కు ఎగబీల్చి ఏటీ వాసన అని నిలదీసింది. మనవాడు ఏమాత్రం తడుముకోలేదు. ఘాట్ రోడ్డు మీద ఎవరి బండో పెట్రోలైపోయి ఆగిపోతే మన ట్యాంకులోంచి గొట్టం పెట్టి నోటితో లాగి ఇచ్చానన్నాడు. ఇప్పుడు పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్లు సారా కలుపుతున్నారని, దాన్ని ఇథనాల్ అంటారని కూడా చెప్పాడు. ఇక అప్పట్నుంచి ఘాట్ రోడ్డు మీద రోజూ ఎవరో ఒకరి బండి ఆగిపోతూనే ఉంది.

ఇథనాల్ కలపడం నిజమే. ఇరవై పాళ్లూ నిజమే. చిక్కల్లా ఒక్కటే, వరహాలరావు జీపు డీజిల్‌ది. పెళ్లాం ఏనాడూ బంకు మొహం చూసింది కాదు కదా అన్న ధైర్యంతో అబద్ధమాడేశాడు.

ఇప్పుడు పోయనిస్తే ఇంజను సర్వనాశనం. వద్దని అసలు సంగతి చెబితే ఒట్టు తప్పినట్టు తేలిపోతుంది. తేలిన రోజున జీపు తాళాలు బావమరిది సింహాచలం చేతికి పోతాయి, తను రత్నాలు కొట్లో పొగ మింగుతూ టూరిస్టులకు బొంగు చికెన్ కాల్చాలి. ఒట్టు వేయించిన రోజే ఆమె పెట్టిన షరతు ఇది.

“ఆగే, ఆగు. మన బండికి అదేటీ అక్కర్లేదు,” అన్నాడు నురగ ఉమ్మేసి.

“ఎందుకక్కర్లేదు? పాత బళ్లకి మంచిదన్నాడు బంకోడు. రబ్బరు గొట్టాలు పాడవ్వవంట.”

“అది మూల పడుండే బళ్లకే. నెలల తరబడి కదలకపోతే ఆ సారా గాల్లో తడి లాక్కుని ట్యాంకు తుప్పట్టిపోతాది. రోజూ తాగి రోజూ తిరిగితే ఒంటికేటీ అవ్వదు.”

“ఎవులి ఒంటికి?”

“బండి ఒంటికే.”

“మైలేజీ కూడా ఎక్కువ వత్తాదంట.”

“వత్తాది, ఆవగింజంత. ధర సూడు, అనంతగిరి కొండ మీద కూకుంది. రోజూ తిరిగే బండికి అంత డబ్బెట్టేటోడు పిచ్చోడే.”

నిజం చెప్పాలంటే ఇథనాల్ గురించి అంత తెలిసినవాడు అరకు లోయలో ఇంకొకడు ఉండడు. అబద్ధం నిలబెట్టుకోవాలని ఫోన్లో వీడియోలు చూసి మరీ చదువుకున్నాడు. ఆ శ్రద్ధ పదో తరగతిలో చూపించి ఉంటే ఈపాటికి ఏ కలెక్టరాఫీసులోనో ఉండేవాడు.

“డబ్బు కోసం కాదు మావా,” అంది రత్నాలు గొంతు తగ్గించి. “రోజూ గొట్టం లాగి లాగి నీ నోట్లోకి సారా పోతంది. ఊరందరికీ సాయం సేసి, నువ్వేమో అప్పన్న కాడ పాపం మూట కట్టుకుంతన్నావు. నానెలా సూత్తూ ఊరుకోను?”

వరహాలరావుకు నిజంగానే సిగ్గేసింది. అది తీరేలోగా ఆమె ట్యాంకు మూత తీసి పక్కన పెట్టేసింది.

“రేపు పోద్దువులే. రైలు దిగే టూరిస్టు పార్టీ సూత్తంటాది. బొర్రా గుహలకి బేగి తీసుకెల్లాలి.”

“ఎంతసేపు పడతాది మావా?” అంటూ ఆమె డబ్బాను ట్యాంకు మీదకు వంచి, దాని మూత మీద చెయ్యి వేసింది.

ఇంజను బద్దలైన చప్పుడు వరహాలరావుకు అప్పుడే వినిపించినట్టయింది. ఒక్క గెంతులో వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దే తల్లీ, ఇది డీజిల్ బండే. గొట్టమూ లేదు, ఆగిపోయిన బండీ లేదు. జీలుగు కల్లు తాగినాను. రోజూ తాగినాను. ఆదోరం రెండుసార్లు తాగినాను.”

ఆదివారం సంగతి ఎవరూ అడగలేదు. కంగారులో అదీ చెప్పేశాడు.

 రత్నాలు డబ్బా కింద పెట్టి, ట్యాంకు మూత బిగించి, చెయ్యి చాపింది. అతను జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

“ఒరే సింహాచలం, రైలు టైమయ్యింది, రారా,” అని ఆమె కేకేసింది. ఎదురింటి అరుగు మీంచి సింహాచలం లేచాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. బావ మొహం కేసి చూడకుండానే తాళాలు అందుకుని జీపెక్కి వెళ్లిపోయాడు.

జీపు మలుపు తిరిగేదాకా వరహాలరావు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత, మిగిలిన కాస్త పరువైనా దక్కించుకుందామని ఇంటి యజమానిలా గొంతు సవరించుకున్నాడు.

“పోనీలే, ఇంజనైతే బతికింది. మరి ఇంత ఖరీదైన పెట్రోలు ఏటి సేత్తావు? బంకోడు ఎనక్కి తీసుకుంతాడా?”

రత్నాలు డబ్బా మూత తిప్పింది. రెండు చేతులా ఎత్తి గటగటా నాలుగు గుక్కలు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని అతనికి అందించింది.

“నువ్వూ తాగు మావా, కొళాయి నీళ్లే. పొద్దల్లా నిప్పుల కాడ కూకోవాలి.”