మునిరాజు పేరు మీద

“మునిరాజు పేరుతో నెట్ ఎవరు వాడతా ఉండారు?”

భారతి మేడమ్ గొంతు వినగానే ల్యాబులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

అంగళ్లు ఊరి దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరు ఏ వెబ్ పేజీ తెరవాలన్నా ప్రాక్సీ సర్వర్ గుండానే పోవాలి. అది పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పేజీ తెరిచినవాళ్ల పేరు మేడమ్ బల్ల మీది తెరపై పడుతుంది. ఇప్పుడక్కడ మునిరాజు పేరు పడుతోంది. పుంగనూరు రోడ్డులో బస్సు బోల్తాపడి మునిరాజు చనిపోయి నెల దాటింది.

ముందు వరుసలో ఒకమ్మాయి బిగుసుకుపోయింది. వెనకెవరో కుర్చీ జరుపుకుని దూరంగా కూర్చున్నారు.

మోసిన్ లేచి నిలబడ్డాడు. “నేనే మేడమ్.”

ఆమె అతని దగ్గరికి వచ్చింది. నల్లటి తెరమీద ఒకే కమాండు వరసగా కొట్టి ఉంది. పేజీలు తెప్పించే ‘కర్ల్’ అని కొట్టి, ప్రాక్సీ చిరునామా, చనిపోయిన స్నేహితుడి పేరు, అతని పాస్‌వర్డ్ ఇచ్చి ఏదో పేజీ తెప్పిస్తున్నాడు.

“ఈ పేజీతో నీకేం పని?”

“పేజీతో పనిల్యా మేడమ్. వాడి పేరు అటెండెన్సులో కొట్టేసినారు. హాస్టలు తలుపు మింద సెరిపేసినారు. మీ తెర మింద ఒకటే ఇంకా ఉండాడు.”

మేడమ్ తెర మీది ఆ పేరు వంక చూసింది.

“వద్దప్పా. ఇట్లయితే పిచ్చి పడతాది నీకు. పోయినోణ్ని పోనీ.”

తన కుర్చీలో కూర్చుని మునిరాజు పాస్‌వర్డ్ మార్చేసింది. “ఇప్పుడు కొట్టు.”

మోసిన్ కొట్టాడు. అనుమతి లేదని ప్రాక్సీ జవాబిచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. అతను మిషను ఆపి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున క్షమించమని అడుగుదామని వచ్చాడు. ల్యాబులో ఇంకా ఎవరూ లేరు. మేడమ్ ఒక్కతే అటు తిరిగి కూర్చుని ఉంది. ఆమె బల్ల మీది తెరపై పేరు పడుతోంది.

మునిరాజు. మళ్లీ మునిరాజు.

మోసిన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కొత్త పాస్‌వర్డ్ మేడమ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

“మేడమ్! నేను కాదు. అల్లా మీద ఒట్టు, నేను కాదు!”

ఆమె వెనక్కి తిరగలేదు. కీబోర్డు మీది నుంచి చేతులు తీసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పొద్దునపూట నేను కొడతాలే అప్పా,” అంది. “సాయంత్రం నువ్వు కొట్టు.”