ఔనంటే ఒకటి, కాదంటే రెండు

ఫోను మోగింది. నీలక్క మరమరాల గిర్మిట్ పొట్లం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని ఎత్తింది. అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

ఆమే.

ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం ధార్వాడలో నడుపుతున్న సహాయ కేంద్రం అది. గుమ్మం దాటగానే ఎదురయ్యే బల్ల నీలక్కది. వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు, తర్వాత కుర్చీ, ఆ తర్వాతే ప్రశ్నలు. బల్ల మీది ఫోనులో నంబరు కనిపించదు. భయపడేవాళ్ళు ధైర్యంగా చేయాలని కావాలనే అలాంటిది పెట్టారు.

ఈమె మాత్రం చేసి కూడా నోరు విప్పదు. పొద్దున బల్ల దగ్గర కూర్చునే జబీన్ ఎత్తితే పెట్టేస్తుంది. నీలక్క గొంతు వింటేనే ఆగుతుంది. అందుకు నీలక్కకు లోలోపల కాస్త గర్వం కూడాను. "గొంతులో ఉండాలే జబీన్, గొంతులో" అని ఉడికించేది.

మాట రాదు కాబట్టి దారి కూడా నీలక్కే కనిపెట్టింది. "ఔనంటే ఒకసారి తట్టు, కాదంటే రెండుసార్లు. సరేనా తల్లీ?"

టక్.

ఆ టక్కుటక్కుల మీదే ఒక కాపురం కొంచెం కొంచెంగా బయటపడింది. మొగుడు కొడతాడు. బయటికి కనిపించని చోట కొడతాడు. పుట్టింటివాళ్ళు సర్దుకుపొమ్మంటారు. ఒకరోజు నీలక్క ఇంకాస్త లోతుగా అడిగింది.

"అత్త ఉందా?"

టక్.

"ఆవిడా చెయ్యి చేసుకుంటుందా?"

టక్ టక్. జవాబు వెంటనే వచ్చింది.

"మరి ఆవిడతో చెప్పావా?"

టక్ టక్.

నీలక్కకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పవే? మా ఇంట్లో చూడు, చీమ కుట్టినా కోడలు నాతోనే అంటుంది. నా కొడుకు దాని మీద గొంతు పెంచితే నేనూరుకుంటానా? నువ్వు నోరు విప్పితే కదా..."

అవతల ఫోను పెట్టేశారు.

కేంద్రం నడిపే హిరేమఠ మేడమ్ లోపలి గదిలోంచి అంతా వింది. "అది ఏడుస్తూ ఫోను చేస్తే నువ్వు నీ కోడలి గొప్పలు చెబుతావా అక్కా?" అంది. నీలక్క మొహం చిన్నబోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆ ఫోను రాలేదు. నీలక్కకు ముద్ద దిగలేదు. కోడలు వడ్డించిన జొన్నరొట్టె కంచంలోనే చల్లారిపోయేది. ఏమైందని కొడుకు అడిగితే, "ఎవరో పిల్లరా, మాట్లాడదు" అని నిట్టూర్చేది. బస్సులో, సంతలో ఆడవాళ్ళ మొహాల్లోకి తేరిపార చూసేది. ఈమేనేమో, కాదు ఆమేనేమో. ఏ ఇంట్లో నలిగిపోతోందో, అసలు ఉందో లేదో. అంతా తన నోటిదూల వల్లే.

ఇవాళ మళ్ళీ ఆ ఊపిరి.

"వచ్చావా తల్లీ. ఆ రోజు అనకూడని మాట అన్నాను, మనసులో పెట్టుకోకు. వాడు ఇంట్లో ఉన్నాడా?"

టక్.

అవతల ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు.

"వాడేనా? గడియ పెట్టుకున్నావా?"

టక్.

నీలక్క లేచి నిలబడింది. కిటికీలోంచే డ్రైవర్ బసప్పకు సైగ చేసింది. అతను వానలో తడుస్తూ పరుగెత్తి వ్యాను స్టార్టు చేశాడు. హిరేమఠ మేడమ్ తన ఫోను తీసి పోలీసులతో మాట్లాడుతోంది.

"దెబ్బ తగిలిందా? రక్తం వస్తోందా?"

టక్.

తలుపు చెక్క విరిగిన చప్పుడు. నీలక్క గొంతు తగ్గించలేదు.

"ఇక తట్టడాలతో అయ్యే పని కాదమ్మా. బండి బయల్దేరుతోంది, పోలీసులూ వస్తున్నారు. వాడు ఎవడి కొడుకైనా సరే, లోపల వేయించే పూచీ నాది. ఒక్క మాట చెప్పు చాలు. ఎక్కడికి పంపను?"

ఇన్నాళ్ళకు అవతలి గొంతు పలికింది.

"మన ఇంటికే, అత్తయ్యా."