గేరు వేస్తే ఆగే బండి

ఒంటిచక్రపు రథాన్ని, తొడలు లేని సారథి చేత, గడియయినా నిలవనీయక నడిపించే సూర్యభగవానునికి నమస్కరించి, వాకిట్లో నిలిచిపోయిన ఒక మోటారు సైకిలు కథ చెబుతున్నాను.

కోడలు మళ్లీ స్టార్టరు నొక్కింది. ఇంజను గుర్రుమన్నది. న్యూట్రల్‌లో నిక్షేపంలా తిరుగుతున్నది. క్లచ్ పట్టి, కాలితో మొదటి గేరు వేసింది. టక్కున ఆగిపోయింది.

"మళ్లీ పోయిందండీ!" అన్నది, పిట్టగోడ మీది ఫోను వైపు తిరిగి.

ఆఫీసు నుంచి భర్త ఎంతో ఓపికగా అడుగుతున్నాడు.

"క్లచ్ పూర్తిగా పట్టావా?"

"పట్టాను."

"ఐడ్లింగ్ కాస్త పెంచి చూడు."

"పెంచాను."

"ప్లగ్గు తుడిచావా?"

"తుడిచాను. మసి దానికి వదిలి నా ముఖానికి పట్టింది."

పది గంటలకల్లా ఆసుపత్రిలో నర్సుగా చేరకపోతే ఆ కొలువు వేరొకరి పాలవుతుంది. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. ఊరి చివరనున్న ఆ వీధికి మరొక వాహనం రాదు. ఎత్తైన గోడల నడుమ ఆ వాకిలి ఆమెకు క్షణక్షణానికీ ఇరుకవుతున్నది.

"బండికే ఇష్టం లేదు, నీకెందుకమ్మా అంత ఆరాటం?" అన్నది గడప మీద కూర్చున్న అత్తగారు. "ఆ ముఖంతో వెళ్లావంటే రోగులు మంచాలు దిగి పరుగెడతారు. లోపలికి రా."

కోడలు స్టార్టరు నొక్కింది. మళ్లీ గేరు వేసింది. మళ్లీ ఆగింది. ఈసారి ఆమె హ్యాండిలు మీద తల వాల్చేసింది.

"పోనీ, వదిలెయ్యి," అన్నాడు భర్త. "అయినా నువ్వెళ్లిపోతే అమ్మ ఒక్కతే ఎలా ఉంటుంది చెప్పు? నా బెంగంతా ఆవిడ గురించే."

అత్తగారు లేచి వచ్చి ఫోను అందుకున్నది.

"ఉండగలనురా నాయనా," అని కట్ చేసింది.

ఆ పైన మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ బండి పక్కన చతికిలబడింది. సైడు స్టాండు వెనుక చెయ్యి దూర్చి, తెగిన వైరు కొసలు రెండూ బయటికి లాగింది. పళ్లతో పైతొడుగు ఒలిచి, రాగితీగలను కలిపి మెలివేసి, తన జడ రబ్బరు చుట్టింది.

"ఇది తెగితే, స్టాండు ఇంకా దించే ఉందనుకుంటుంది ఈ వెర్రి బండి. స్టాండు దించి ఉంటే గేరు వేయగానే ఆగిపోదూ మరి? ఇప్పుడు వెయ్యి."

కోడలు స్టార్టరు నొక్కి గేరు వేసింది. ఇంజను ఆగలేదు.

కోడలు తెల్లబోయి చూసింది. "వైరు తెగిందని మీకెలా తెలుసు అత్తయ్యా?"

అత్తగారు గేటు బార్లా తెరిచి, ముఖం పక్కకు తిప్పుకున్నది.

"తెల్లవారుజామున మీ ఆయన దాన్ని కోస్తుంటే, టార్చిలైటు పట్టుకున్నది నేనేనమ్మా."

ఈ కథ విన్నవారందరి బండ్లూ సాగుగాక; తెంపిన చేతులకు ముడివేసే బుద్ధి కలుగుగాక. స్వస్తి.